సర్వర్ ఒక్కటే, లైసెన్సులు తొమ్మిదా?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం బ్యాకప్ చుట్టూనే తిరిగాయి. మిర్యాలగూడ నుంచి వచ్చినది చిన్న ఆఫీసులన్నిటికీ పనికొచ్చేలా ఉందని దానికే ఎక్కువ చోటిచ్చాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఆఫీసులో ఒక టవర్ సర్వర్ ఉంది, విండోస్ సర్వర్ 2019 స్టాండర్డ్. దాని మీద హైపర్-విలో (ఒకే సర్వర్‌ని చాలా కంప్యూటర్లలా వాడుకోనిచ్చే విండోస్ సదుపాయం) రెండు వర్చువల్ మెషీన్లు నడుస్తున్నాయి. ఒకదాంట్లో టాలీ, ఆఫీసు ఫైళ్లు. రెండోదాంట్లో కాటా సాఫ్ట్‌వేర్, దానికి ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అనే ఉచిత డేటాబేస్. ఇవి కాక ఆరు పీసీలు. ఇన్నాళ్లూ మా గుమాస్తా పెన్‌డ్రైవ్‌లో టాలీ బ్యాకప్ తీసేవాడు. పోయిన యాసంగి సీజన్‌లో ఒకరోజు సర్వర్ ఆన్ కాక సగం రోజు లారీలు గేటు బయట నిలబడ్డాయి, అప్పటినుంచి మా నాన్నగారు బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొనమని పోరుతున్నారు. ముగ్గుర్ని కొటేషన్ అడిగాను. ఒకాయన మూడు సర్వర్ లైసెన్సులు, ఆరు వర్క్‌స్టేషన్ లైసెన్సులు, మొత్తం తొమ్మిది, ఏటా కట్టాలన్నాడు. ఇంకొకాయన ఒక్క లైసెన్స్ చాలు, జీవితాంతం పనిచేస్తుందన్నాడు. మూడో ఆయన డబ్బులెందుకు దండగ, ఫ్రీగా దొరుకుతుందన్నాడు. ఎవరిని నమ్మాలి?

జవాబు: ముగ్గురూ నిజమే చెప్పారు, తిరకాసంతా అక్కడే ఉంది. మీరు ధాన్యం కొనేటప్పుడు రేటు బస్తాకా క్వింటాకా అని తేల్చుకున్నాకే బేరానికి దిగుతారు కదా, దీనికీ అదే పద్ధతి. ధర అడిగే ముందు "మీరు లెక్కపెట్టేది దేన్ని?" అని అడగండి. కొందరు మెషీన్లను లెక్కపెడతారు, కొందరు వర్చువల్ మెషీన్లను, కొందరు అవి నడిచే అసలు సర్వర్‌ని, కొందరు ఆ సర్వర్‌లో ఉన్న ప్రాసెసర్ సాకెట్లను, క్లౌడ్ వాళ్లయితే ఎన్ని టెరాబైట్లు దాచారన్నది. మీ ముగ్గురు డీలర్లూ ఒకే గదిని చూసి మూడు రకాల కొలతలు చెప్పారు.

మొదటాయన తొమ్మిది ఎలా తెచ్చాడో చూద్దాం. అసలు సర్వర్ ఒకటి, అందులో వర్చువల్ మెషీన్లు రెండు, వెరసి మూడు. పీసీలు ఆరు. ప్రతిదాంట్లో ఒక ఏజెంట్ ప్రోగ్రామ్ వేసి విడివిడిగా బ్యాకప్ తీస్తే ఆ లెక్క సరిపోతుంది. కానీ హైపర్-వి ఉన్నచోట అలా తీయాల్సిన అవసరం లేదు. హోస్ట్ (ఆ మెషీన్లు నడిచే అసలు సర్వర్) వైపు నుంచే రెండు వర్చువల్ మెషీన్లనూ వాటి డిస్కులతో సహా మొత్తంగా కాపీ చేసే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. అప్పుడు లెక్కలోకి వచ్చేవి రెండే, లేదా హోస్ట్ లెక్కన అమ్మేవాళ్లయితే ఒక్కటే. ఉదాహరణకి అక్రోనిస్‌లో వర్చువల్ హోస్ట్ లైసెన్స్ ఒకటుంది, దాంతో ఆ హోస్ట్ మీద ఎన్ని మెషీన్లున్నా తీసుకోవచ్చు. నాకివో లాంటివి సాకెట్ లెక్కన కూడా అమ్ముతాయి. మీ రెండో డీలర్ "ఒక్కటి చాలు" అన్నది ఇలాంటిదేదో అయి ఉంటుంది.

మరి అసలు సర్వర్‌కి బ్యాకప్ వద్దా అంటారేమో. దాంట్లో హైపర్-వి తప్ప వేరే ఏ పనీ పెట్టకూడదు, ఒక స్టాండర్డ్ లైసెన్స్‌తో రెండు వర్చువల్ మెషీన్లు నడుపుకోవచ్చన్న హక్కే ఆ షరతు మీద వస్తుంది. అలా ఖాళీగా ఉంచితే, రేపు ఆ సర్వర్ పోయినా వేరే మెషీన్ మీద విండోస్ ఎక్కించి, హైపర్-వి ఆన్ చేసి, రెండు మెషీన్లనూ దాని మీదికి తెచ్చుకోవచ్చు. హోస్ట్‌లో పోయేది సెట్టింగులే, అవి ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

ఇక ఆరు పీసీలు. రేపు పొద్దున ఒక్కొక్కటీ ఆన్ చేసి డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ తెరిచి చూడండి. ఎవరో ఒకరి డెస్క్‌టాప్ మీద 'న్యూ ఫోల్డర్ 3' అని ఉండి అందులో జీఎస్టీ ఎక్సెల్ షీట్లు ఉంటాయి, అది మాత్రం నేను రాసిస్తాను. అవన్నీ సర్వర్‌లోని షేర్ ఫోల్డర్‌లోకి మార్పించండి. ఆ తర్వాత పీసీ పోతే పోయేది పీసీయే. ఆరు లైసెన్సుల ఖర్చు ఒక పూట పనితో తప్పిపోతుంది. కాటా గదిలో ఉన్న పీసీని మాత్రం మినహాయించండి, దాంట్లో ఇండికేటర్ నుంచి తూకం చదివే కామ్ పోర్ట్ సెట్టింగులు, డ్రైవర్లు ఉంటాయి. అవి పెట్టిన మనిషి ఎప్పుడో ఉద్యోగం మానేసి ఉంటాడు. దానికి ఒకసారి పూర్తి ఇమేజ్ (డిస్కు మొత్తానికి నకలు) తీసి పక్కన పెట్టుకోండి, రోజూ తీయక్కర్లేదు.

అంటే తొమ్మిది కాస్తా రెండయ్యాయి. ఇప్పుడు మూడో డీలర్ మాట విందాం. వీమ్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ బ్యాకప్ అండ్ రెప్లికేషన్‌లో కమ్యూనిటీ ఎడిషన్ అని ఉంది, 10 వర్క్‌లోడ్‌ల (అంటే బ్యాకప్ తీసే మెషీన్ల) వరకు ఉచితం. ట్రయల్ కాదు, గడువు లేదు, మీ సొంత ఆఫీసు పనికి మామూలుగా వాడుకోవచ్చు. మీవి రెండు వర్చువల్ మెషీన్లు, కాటా పీసీ కూడా కలిపినా మూడు. ఇంకా బోలెడంత ఖాళీ. కాబట్టి ఆయన చెప్పిందీ నిజమే. మరి డబ్బులు కట్టేవాళ్లు ఎందుకు కడుతున్నారంటే, ఉచిత ఎడిషన్‌కి సపోర్ట్ గ్యారంటీ లేదు. సీజన్‌లో రాత్రి పదింటికి రీస్టోర్ మధ్యలో ఆగిపోయి ఎర్ర అక్షరాలు వస్తే మీరు ఎవరికి ఫోన్ చేస్తారు? దీనికి మీ దగ్గర జవాబుంటే ఉచితం చాలు. లేకపోతే డబ్బు కట్టండి, అయితే కట్టేది కంపెనీకే కానక్కర్లేదు, ఆ సాఫ్ట్‌వేర్ తెలిసిన స్థానిక కుర్రాడు దొరికితే ఏఎంసీ రూపంలో అతనికే ఇవ్వడం నయమని నా అనుభవం. ఒకవేళ కొనదలిస్తే అదే వీమ్‌లో చిన్న సంస్థల కోసం ఎసెన్షియల్స్ ఉంది, 5 వర్క్‌లోడ్‌ల చొప్పున ప్యాక్‌గా అమ్ముతారు, గరిష్ఠం 50. మీకు కావాల్సింది రెండే అయినా కొనాల్సింది ఐదు. కొటేషన్‌లో అంకె చూసి డీలర్ మోసం చేశాడనుకోకండి, ఈ విషయంలో పాపం ఆయన తప్పేమీ లేదు.

విండోస్‌తో పాటే వచ్చే విండోస్ సర్వర్ బ్యాకప్ గురించి ముగ్గురిలో ఒక్కరూ చెప్పలేదు చూశారా. సర్వర్ మేనేజర్‌లో ఫీచర్‌గా టిక్ పెట్టి ఆన్ చేసుకోవాలి, పైసా ఖర్చు లేదు, హైపర్-వి మెషీన్లను కూడా తీస్తుంది. దీన్ని నేను చిన్నచూపు చూడను, కానీ దీంట్లో ఒక గుంట ఉంది, నేను స్వయంగా పడ్డాను. కొన్నేళ్ల కిందట తెలిసినవాళ్ల హోల్‌సేల్ షాపులో దీన్ని నెట్‌వర్క్ షేర్‌కి (నెట్‌వర్క్‌లో వేరే మెషీన్‌లో ఉన్న ఫోల్డర్‌కి) తీసేలా పెట్టి వచ్చాను. రోజూ రాత్రి పదకొండింటికి బ్యాకప్, పొద్దున పచ్చ టిక్ మార్క్, అందరం హాయిగా ఉన్నాం. ఒక మంగళవారం స్టాక్ ఫైలు పాడైంది, వాళ్లకి తెలిసింది గురువారం మధ్యాహ్నం. నేను ధీమాగా వెళ్లి కూర్చుని సోమవారం కాపీ కోసం లిస్టు తెరిస్తే ఒకే ఒక్క తేదీ కనిపించింది, బుధవారం రాత్రిది. నెట్‌వర్క్ షేర్‌కి తీస్తే అది పాత బ్యాకప్ మీదనే కొత్తది రాస్తుంది, ఒక్క కాపీయే మిగులుతుంది. పాడైన ఫైలుని భద్రంగా బ్యాకప్ తీసి పెట్టాం. ఆ షాపు ఓనర్ నన్ను ఏమీ అనలేదు, టీ తెప్పించాడు, ఆ టీ ఇప్పటికీ చేదుగానే ఉంది. అదే యూఎస్‌బీ డిస్కుని దానికే అంకితంగా ఇచ్చి ఉంటే చాలా రోజుల కాపీలు దాచేది, రెండు డిస్కులిచ్చి మార్చి మార్చి పెట్టుకునే వీలు కూడా ఉంది. కాబట్టి ఇది వాడితే యూఎస్‌బీ డిస్కులతోనే వాడండి.

ఇంకో దారి, లైసెన్స్ డబ్బులు సాఫ్ట్‌వేర్‌కి కాకుండా పెట్టెకి పెట్టడం. సినాలజీ నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) కొంటే అందులో యాక్టివ్ బ్యాకప్ ఫర్ బిజినెస్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది, దానికి మెషీన్ లెక్కన లైసెన్స్ ఉండదు. పీసీలు, సర్వర్లు, హైపర్-వి మెషీన్లు అన్నీ తీస్తుంది. అన్ని మోడళ్లలో రాదు, కొనేముందు మీరు తీసుకునే మోడల్ పేరు ఆ ప్రోగ్రామ్ పేజీలో ఉందో లేదో చూసుకోండి. మీ నాన్నగారి తరం వాళ్లకి ఇది బాగా నచ్చుతుంది, ఎందుకంటే డబ్బులిచ్చి కొన్న వస్తువు కంటికి కనిపిస్తుంది.

ఇప్పుడు "జీవితాంతం" సంగతి. పర్పెచువల్ లైసెన్స్ అంటే ఆ వెర్షన్‌ని ఎన్నాళ్లైనా వాడుకోవచ్చు, అంతవరకే. కొత్త వెర్షన్, సపోర్ట్ కావాలంటే ఏటా మెయింటెనెన్స్ కట్టాలి. అది కట్టకపోతే, రేపు మీరు సర్వర్‌ని కొత్త విండోస్‌కి మార్చినప్పుడు పాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టకపోవచ్చు. లెక్క కోసం అనుకుందాం, సబ్‌స్క్రిప్షన్ ఏడాదికి 15,000. ఐదేళ్లకి 75,000. పర్పెచువల్ 40,000, మొదటి ఏడాది మెయింటెనెన్స్ అందులోనే, తర్వాత నాలుగేళ్లు ఏటా 8,000 చొప్పున 32,000, మొత్తం 72,000. రెండిటి మీదా 18 శాతం జీఎస్టీ. ఈ అంకెలు నేను ఊహించి వేసినవి, మీ కొటేషన్ అంకెలు పెట్టి ఇలాగే ఐదేళ్లకి వేసి చూడండి, మొదటి ఏడాది అంకెని మాత్రం పక్కపక్కన పెట్టకండి. పైగా అమ్మేవాళ్లు మనసు మార్చుకుంటారు. మ్యాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత ఎడిషన్‌ని ఎంతమంది వాడేవారో! దానికి 2024 జనవరి 1తో సపోర్ట్ ఆపేశారు, ఆ తర్వాత వచ్చిన కొత్త వెర్షన్‌ని సబ్‌స్క్రిప్షన్‌కే ఇస్తున్నారు.

ధర కంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది, డీలర్‌ని మెయిల్‌లోనే అడగండి, జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి: లైసెన్స్ గడువు అయిపోయిన మర్నాడు నా పాత బ్యాకప్‌లు రీస్టోర్ అవుతాయా? కొత్త బ్యాకప్‌లు ఆగిపోతే అర్థం చేసుకోవచ్చు. పాతవి కూడా తాళం పడితే, మన సామాను వాళ్ల గోడౌన్‌లో ఉన్నట్టే. అలాగే లైసెన్స్ ఎవరి మెయిల్ ఐడీ మీద రిజిస్టర్ అవుతుందో దగ్గరుండి చూడండి. డీలర్లు తమ ఐడీ పెట్టేస్తారు, తొందరలో చేసే పనే తప్ప దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ రెండేళ్ల తర్వాత ఆయన షాపు ఎత్తేస్తే కీ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవడానికి మీకు దారి ఉండదు. బిల్లు కంపెనీ పేరు మీద, ఐడీ కంపెనీ మెయిల్ మీద, ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ పెడితే అది మీ నాన్నగారి డైరీలో.

కొటేషన్‌లో ఎడిషన్ పేరు కూడా చూడండి. వర్క్‌స్టేషన్ లేదా హోమ్ ఎడిషన్ తక్కువ ధరకి వచ్చిందని కొంటే చాలా సాఫ్ట్‌వేర్లు సర్వర్ విండోస్ మీద ఇన్‌స్టాలే కావు. ఏవోమెయ్ బ్యాకప్పర్ స్టాండర్డ్ ఇలాగే, సర్వర్ విండోస్ కనిపిస్తే ముందుకు కదలదు.

మీ కాటా డేటాబేస్ గురించి రెండు ముక్కలు. లారీ కాటా మీద ఉండగా, తూకం డేటాబేస్‌లోకి ఎక్కుతున్న క్షణంలోనే, ఆ ఫైలుని ఉన్నదున్నట్టు కాపీ చేస్తే ఆ కాపీలో లెక్క సగంలో ఉండొచ్చు. అందుకే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో అప్లికేషన్ అవేర్ (రాస్తున్న పని పూర్తి చేయించి అప్పుడు కాపీ తీసేది) అనే ఆప్షన్ ఉందా, మీరు కొనే ఎడిషన్‌లో అది కలిసి ఉందా అని చూడండి. వీమ్ వాళ్లదే విండోస్ ఏజెంట్ ఉచితంగా దొరుకుతుంది కానీ ఆ ఉచిత రకంలో ఇది ఉండదు. కమ్యూనిటీ ఎడిషన్‌లో ఉంది. ఇంకోటి, ఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్రెస్‌లో రోజువారీ పనులు చేసే ఏజెంట్ సర్వీస్ ఉండదు కాబట్టి విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో చిన్న స్క్రిప్ట్ పెట్టి రాత్రికి ఒక బ్యాకప్ ఫైలు తీయించండి, కాటా సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లు పది నిమిషాల్లో చేసిపెడతారు. పనిలో పనిగా డేటాబేస్ సైజెంతో కూడా అడగండి, 2022 వెర్షన్ దాకా ఎక్స్‌ప్రెస్‌లో ఒక డేటాబేస్ 10 జీబీ దాటదు. అది నిండిన రోజు బ్యాకప్ ఎంత బాగున్నా కాటా ఆగిపోతుంది. టాలీకి మీ గుమాస్తా చేస్తున్న పని మాన్పించకండి. టాలీ ప్రైమ్‌లో ఆల్ట్ వై నొక్కి బ్యాకప్ తీస్తే వచ్చే ఆ ఒక్క ఫైలు, ఆడిటర్‌కి పంపాలన్నా ఒక్క కంపెనీ డేటానే వెనక్కి తెచ్చుకోవాలన్నా చాలా సులువు.

మీది ప్రైవేట్ లిమిటెడ్ అన్నారు కాబట్టి ఇది తప్పకుండా చదవండి. కంపెనీల అకౌంట్స్ రూల్స్ 2014లో మూడో రూల్ ప్రకారం, ఎలక్ట్రానిక్‌గా పెట్టే ఖాతా పుస్తకాల బ్యాకప్ భారత్‌లోనే ఉన్న సర్వర్‌లో ఉండాలి. ఇదివరకు "అప్పుడప్పుడు" తీస్తే సరిపోయేది, 2022 ఆగస్టు సవరణతో "రోజూ" అయింది. ఖాతా పుస్తకాలు 8 ఏళ్లు దాచాలి. అంటే వారానికోసారి పెన్‌డ్రైవ్ ఇక చెల్లదు. క్లౌడ్‌కి పంపితే సెటప్‌లో రీజియన్ అడుగుతుంది, డిఫాల్ట్‌గా ఉన్నదాన్ని ఓకే కొట్టకుండా మన దేశంలోది ఎంచుకోండి. అమెజాన్‌కి ముంబైతో పాటు 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లోనూ ఉంది. మిర్యాలగూడ డేటా హైదరాబాద్ దాకా వెళ్తే చాలు, వర్జీనియా దాకా వెళ్లక్కర్లేదు.

మీ చోట నేనుంటే, ఆఫీసులో ఖాళీగా ఉన్న ఒక మంచి పీసీకి ర్యామ్ పెంచి, దాని మీద వీమ్ కమ్యూనిటీ ఎడిషన్ వేస్తాను. ఆ పీసీకి అడ్మిన్ పాస్‌వర్డ్ సర్వర్‌ది కాకుండా వేరేది పెడతాను, డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడి లాగిన్ ఏర్పాటు) చేర్చను. లైసెన్స్‌కని అనుకున్న డబ్బుతో రెండు యూఎస్‌బీ హార్డ్‌డిస్కులు కొంటాను, ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంట్లో, శనివారం శనివారం మార్పిడి. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి, అప్పటికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చి రెండు నెలలైంది. అలాంటిది వస్తే సర్వర్‌కి తగిలించి ఉన్న డిస్కు కూడా సర్వర్‌తో పాటే పోతుంది. బీరువాలో ఉన్న డిస్కు జోలికి ఏ వైరస్సూ రాదు.

నెలకోసారి రీస్టోర్ చేసి చూడండి. విండోస్ 11 ప్రో ఉన్న ఏ పీసీలోనైనా హైపర్-వి ఆన్ చేసుకోవచ్చు, నెట్‌వర్క్ కేబుల్ పీకేసి కాటా మెషీన్‌ని దాని మీద లేపండి, నిన్నటి ఆఖరి లారీ నంబరు కనిపించాలి. కనిపిస్తే బ్యాకప్ ఉన్నట్టు. ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ అంతటి సంస్థలో 2017 జనవరి 31 రాత్రి ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ చెరిపేస్తే, పెట్టుకున్న ఐదు రకాల ఏర్పాట్లలో ఒక్కటీ సరిగా పనిచేయలేదని వాళ్లే బయటపెట్టారు. బ్యాకప్ ఫెయిల్ అయిందని వెళ్లాల్సిన మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదట. అదృష్టం బాగుండి, ఆరు గంటల ముందు ఎవరో వేరే పనికి చేత్తో తీసుకున్న కాపీ ఒకటి దొరికింది.

ప్రశ్న: మేము రాజమండ్రిలో స్కూల్ నడుపుతున్నాం. సర్వర్ మీద ఉచిత వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ (హైపర్-విలాగే వర్చువల్ మెషీన్లు నడిపేది) ఉంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ డబ్బు పెట్టి కొన్నా లైసెన్స్ ఎర్రర్ వస్తోంది. అమ్మినవాళ్లు మా తప్పు కాదంటున్నారు.

జవాబు: నిజంగానే వాళ్ల తప్పు కాదు, కొనేముందు అడగకపోవడం మాత్రం తప్పే. ఎర్రర్ మీ బ్యాకప్ లైసెన్స్‌ది కాదు, ఈఎస్‌ఎక్స్‌ఐది. హోస్ట్ వైపు నుంచి మెషీన్లను చదవడానికి బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు వాడుకునే ద్వారాన్ని ఉచిత రకంలో మూసేసి ఉంచుతారు. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా తలుపు అవతలే నిలబడుతుంది. ఇప్పుడున్న లైసెన్స్‌తోనే ప్రతి వర్చువల్ మెషీన్ లోపల ఏజెంట్ వేసుకునే వీలుందేమో అడగండి, చాలావాటిలో ఉంటుంది, అప్పుడు డబ్బు వృథా కాదు. వేసవి సెలవుల్లో తీరిక దొరికితే ప్రాక్స్‌మాక్స్‌కి (ఇదే పని చేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) మారడం గురించి ఆలోచించండి. వీఎంవేర్ కంపెనీ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లాక ఉచిత ఈఎస్‌ఎక్స్‌ఐని 2024 ఫిబ్రవరిలో తీసేశారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చారు. మళ్లీ ఎప్పుడు తీసేస్తారోనని చూస్తూ కూర్చునే టెన్షన్ ఒక స్కూలుకి ఎందుకు?

ప్రశ్న: ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ వేశాను. లాగిన్ అయిన ప్రతిసారీ సరైన సబ్‌స్క్రిప్షన్ లేదని బాక్స్ వస్తోంది. మా చిన్న కంపెనీలో వాడితే చట్టవిరుద్ధమా? (హైదరాబాద్)

జవాబు: కాదండి. అది ఏజీపీఎల్ అనే ఓపెన్ లైసెన్స్ మూడో వెర్షన్ కింద ఇచ్చిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, కంపెనీలో నిక్షేపంగా వాడుకోవచ్చు, మెషీన్ల లెక్క లేదు, గడువు లేదు. ఆ బాక్స్ గుర్తుచేసేది సపోర్ట్ కొనలేదన్న సంగతి మాత్రమే. అప్‌డేట్ కొడితే ఎర్రర్ వస్తుంటే ఎంటర్‌ప్రైజ్ రిపాజిటరీ (అప్‌డేట్లు దించుకునే చోటు) తీసేసి నో-సబ్‌స్క్రిప్షన్ రిపాజిటరీ పెట్టుకోండి. బాక్స్ రాకుండా చేసే స్క్రిప్టులు నెట్‌లో దొరుకుతాయి, ఒక్క క్లిక్ తప్పించుకోవడానికి ఊరూపేరూ లేని స్క్రిప్టుని రూట్‌గా (పూర్తి అధికారాలతో) నడపడం నాకైతే భయం. సపోర్ట్ కొనాలనిపిస్తే బ్యాకప్ సర్వర్‌కి ధర సర్వర్ లెక్కన, వర్చువల్ మెషీన్లు నడిపే ప్రాక్స్‌మాక్స్‌కి సాకెట్ లెక్కన. ఈ రెండూ కలిపేసుకుని కంగారు పడేవాళ్లు చాలామంది. మీరు ప్రశ్నతో పంపిన సెటప్ బొమ్మ చూస్తే బ్యాకప్ సర్వర్‌ని కూడా అదే పెట్టెలో వర్చువల్ మెషీన్‌గా పెట్టినట్టున్నారు. బీరువా తాళం బీరువాలోనే పెట్టి మూసినట్టుంది, ముందు దాన్ని వేరే మెషీన్ మీదికి మార్చండి.

ప్రశ్న: మా ఫ్రెండ్ ఒక పెద్ద కంపెనీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ క్రాక్ చేసినది ఇచ్చాడు, బాగానే పనిచేస్తోంది. వాడొచ్చా? (కాకినాడ)

జవాబు: వద్దు. చట్టం సంగతి అటుంచండి, స్టాప్ అనే పేరున్న రాన్సమ్‌వేర్ కుటుంబం ఊళ్లోకి వచ్చిన ముఖ్యమైన దారే ఇలాంటి క్రాక్ ఫైళ్లు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కి మీ సర్వర్‌లో ప్రతి ఫైలూ చదివే అధికారం ఇస్తారు కదా, ఆ అధికారం ఎవరి చేతికి ఇస్తున్నారో చూసుకోవాలి. ఉచితంగా దొరికేవి పైన ఇన్ని చెప్పాక క్రాక్ ఎందుకో నాకైతే అర్థం కాలేదు.

ప్రశ్న: మా సర్వర్‌లో రెయిడ్ (ఒకే డేటా రెండు డిస్కుల్లోనూ ఉండే ఏర్పాటు) ఉంది. బ్యాకప్ కూడా కావాలా? (వరంగల్)

జవాబు: కావాలి. మీరు పొరపాటున డిలీట్ చేసిన ఫైలుని రెయిడ్ రెండు డిస్కుల్లోనూ అంతే నమ్మకంగా డిలీట్ చేస్తుంది.

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్‌లో స్కానింగ్ సెంటర్. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సర్వర్, పక్కనే ఉన్న బ్యాకప్ నాస్ రెండూ మునిగిపోయాయి. కింది అంతస్తులోనే కొత్తగా సెటప్ చేసుకున్నాం. ఈసారి క్లౌడ్ బ్యాకప్ తీసుకోమంటున్నారు, స్కాన్ ఇమేజ్‌లన్నీ కలిపి చాలా టెరాబైట్లు అవుతున్నాయి, ఏడాది ఖర్చు చూస్తే గుండె ఆగినంత పనైంది.

జవాబు: మీ విషయంలో మెషీన్ లెక్క లైసెన్స్ మంచిది, టెరాబైట్ లెక్కది మీ కొంప ముంచుతుంది (ఈ మాట వాడినందుకు మన్నించండి). మీ డేటాని రెండుగా విడదీయండి. పేషెంట్ వివరాలు, రిపోర్టులు, బిల్లింగ్ డేటాబేస్ అన్నీ కలిపినా కొన్ని జీబీలే ఉంటాయి, అవి రోజూ క్లౌడ్‌కి వెళ్లాలి, ఖర్చు పెద్దగా ఉండదు. ఇమేజ్‌లు బరువు, కానీ ఒకసారి తీశాక మారవు, వాటిని ప్రతి రాత్రీ మొత్తం కాపీ చేసే పని లేదు, కొత్తవి చేరిస్తే చాలు. వాటికి పెద్ద హార్డ్‌డిస్కులు రెండు తీసుకుని వారం వారం మార్చి, ఒకటి ఎప్పుడూ వేరే పేటలో ఉండేలా చూడండి. మీ ఇల్లు కూడా సింగ్‌నగర్‌లోనే అయితే అక్కడ వద్దు, మెరక మీద ఉన్న బంధువుల ఇల్లు చూడండి. క్లౌడ్ కొటేషన్‌లో డేటా వెనక్కి దించుకోవడానికి విడిగా ఛార్జీ ఉందా అని అడగడం మర్చిపోకండి, చాలాచోట్ల దాచడానికి ఒక రేటు, తీసుకోవడానికి ఇంకో రేటు. ఇక కొత్త సర్వర్‌ని మళ్లీ కింది అంతస్తులోనే పెట్టారని రాశారు. ఈ ఆదివారమే దాన్ని మొదటి అంతస్తుకి ఎక్కించండి, కేబుల్ పొడుగు చాలకపోతే ఇంకో కట్ట కొనండి.